బ్రా వేసుకోవాలా, మానేయాలా? అంకెలు ఏం చెబుతున్నాయి

పదమూడో ఏట మొదలుపెట్టి అరవై దాకా, రోజుకు 12 గంటల చొప్పున లెక్కేస్తే ఒక స్త్రీ బ్రాతో గడిపే సమయం ఏడాదికి 4,380 గంటలు. మొత్తం 47 ఏళ్లకు రెండు లక్షల గంటలు దాటుతుంది. అంతకాలం ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వస్తువు గురించి మన ఇళ్లలో వినిపించే మాటలు మాత్రం రెండే: "ఈడొచ్చింది, ఇక వేసుకో", "తీగ మీద ఆరేస్తే పైన తువ్వాలు కప్పు". అసలు వేసుకోవాల్సిందేనా, ఇంట్లో ఉన్నప్పుడు తీసేస్తే నష్టమా, పూర్తిగా మానేస్తే ఏమవుతుంది అని అడిగే చోటు లేదు. చోటు లేనప్పుడు భయాలు పుడతాయి. వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని ఒక వీడియో, మానేస్తే రొమ్ములు జారిపోతాయని ఇంకో వీడియో.

జరిగిన పరిశోధనలను వరుసగా చూస్తే ఈ రెండు భయాలకూ గట్టి ఆధారం కనిపించదు. అంకెలు నిజంగా పట్టించుకోమనేది వేరే రెండు సంగతులను: పరుగు, కొలత.

క్యాన్సర్: 1,513 మంది స్త్రీల జవాబు

ఈ భయానికి బాగా ప్రచారం తెచ్చింది 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం. బిగుతు బ్రా వల్ల లింఫు ద్రవం కదలిక ఆగిపోయి, విషపదార్థాలు పేరుకుని క్యాన్సర్ వస్తుందన్నది అందులోని వాదన. బరువు, పిల్లలు పుట్టిన వయసు, కుటుంబ చరిత్ర వంటి అసలు కారణాలను సరిగ్గా లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన మాట అది.

ఆ మాటను పద్ధతిగా పరీక్షించిన అధ్యయనం 2014లో వెలువడింది. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం 55 నుంచి 74 ఏళ్ల మధ్య, ముట్లు ఆగిపోయిన స్త్రీలను ఎంచుకుంది. రెండు రకాల రొమ్ము క్యాన్సర్‌లలో ఒకటి ఉన్నవారు 454 మంది, రెండోది ఉన్నవారు 590 మంది, క్యాన్సర్ లేనివారు 469 మంది. ఏ వయసులో బ్రా మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నారు, కప్పు సైజు ఎంత, అడుగున తీగ ఉందా లేదా అని అందరినీ అడిగారు. ఏ ఒక్క అంశానికీ క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదు.

ఈ భయంలో పడి మనం వదిలేస్తున్నది ఏమిటో చెప్పే అంకెలు కూడా ఉన్నాయి. 2022లో మన దేశంలో కొత్తగా 1,92,020 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,337 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. గడ్డ, చర్మం మీద సొట్ట, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, రక్తంతో కూడిన స్రావం, చంకలో వాపు: వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి. 30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచే చెబుతున్నాయి. బ్రా రంగు గురించీ తీగ గురించీ వచ్చే వాట్సాప్ సందేశాన్ని పదిమందికి పంపే బదులు ఈ పరీక్ష సంగతి పంపితే ఒక ప్రాణమైనా నిలబడుతుంది.

జారిపోవడం: తప్పు ఎవరిది?

రొమ్ములో కండరం లేదు. కొవ్వు, పాలగ్రంథులు, నాళాలు, వాటిని చర్మంతోనూ వెనక ఛాతీతోనూ కలిపి ఉంచే సన్నని పోగులు ఉంటాయి. వీటిని వివరించిన ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరుమీద, 1840లో ఆయన పుస్తకం వచ్చాక, కూపర్ లిగమెంట్లు అంటున్నారు. రొమ్ముకు ఆధారం ఈ పోగులూ, పైనున్న చర్మమే. వయసుతో రెండూ సాగుతాయి. బ్రా వాడినవారికీ సాగుతాయి, వాడనివారికీ సాగుతాయి. వేసుకున్నంతసేపు బ్రా ఆకారం ఇస్తుంది. తీశాక ఆ ఆకారాన్ని కాపాడుతుందని రుజువు లేదు.

మరి జారడానికి కారణాలేమిటి? అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయ ప్లాస్టిక్ సర్జన్లు లెక్క తీస్తే వయసు, అధిక బరువు, ఎన్నిసార్లు గర్భం దాల్చారన్నది, మొదట్నుంచీ రొమ్ముల పరిమాణం ఎక్కువగా ఉండటం, పొగతాగడం ముందు వరసలో నిలిచాయి. పిల్లలకు పాలివ్వడం ఆ జాబితాలోకి రాలేదు. "పాలిస్తే అందం పోతుంది" అని బాలింతను భయపెట్టేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చాలు.

రెండోవైపు అతిశయోక్తి కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని బెజాన్‌సాన్‌లో జాన్-డెనీ రూయాన్ అనే పరిశోధకుడు 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 330 మందిని 15 ఏళ్లపాటు గమనించి, 2013లో ఫలితాలు బయటపెట్టారు. బ్రా మానేసినవారిలో భుజంతో పోల్చి చూస్తే చనుమొన ఏడాదికి 7 మిల్లీమీటర్లు పైకి వచ్చిందన్నారు. "బ్రా మానేస్తే రొమ్ములు బిగుస్తాయి" అని పత్రికలన్నీ రాసేశాయి. అవి తొలి ఫలితాలు మాత్రమే. పాల్గొన్నది యువతులు, అదీ తమంతట తాము ముందుకొచ్చినవారు. అందరు స్త్రీలకూ ఇదే సలహా ఇవ్వకూడదని ఆయనే హెచ్చరించారు. మానేస్తే నష్టమని రుజువు కానట్టే, మానేస్తే లాభమనీ రుజువు కాలేదు.

పరుగు దగ్గర మాట మారుతుంది

500 మిల్లీలీటర్ల ఘనపరిమాణమున్న రొమ్ము దాదాపు అర కిలో తూగుతుంది. రెండూ కలిపితే కిలో. నిలబడి కూర వండేటప్పుడు, కూర్చుని లెక్కలు రాసేటప్పుడు ఆ బరువు పెద్దగా కదలదు. పరుగెత్తినప్పుడు పైకీ కిందికీ, పక్కలకీ, ముందుకీ వెనక్కీ మూడు దిక్కుల్లోనూ ఊగుతుంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్‌స్‌మౌత్ విశ్వవిద్యాలయంలో జోవన్నా స్కర్ బృందం ఈ ఒక్క విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఆధారం లేకుండా పరుగెత్తితే ఈ కదలిక 15 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చని తేల్చింది. అంటే దాదాపు ఆరంగుళాలు.

ఆ కదలిక నొప్పి పుట్టిస్తుంది. 2012 లండన్ మారథాన్‌కు సంబంధించి 1,285 మంది స్త్రీలను అడిగితే 32 శాతం మంది రొమ్ము నొప్పి ఉందన్నారు. మారథాన్‌కు సిద్ధమైన ఆటగత్తెల్లోనే నూటికి ముప్పై ఇద్దరు ఇలా చెబితే, పొద్దున్నే పార్కులో జాగింగ్ మొదలుపెట్టి నాలుగో రోజు మానేసిన మహిళకు కారణం బద్ధకమే అనుకోనక్కర్లేదు.

నొప్పికి సరైన ఆధారం ఎంత పనిచేస్తుందో చూపిన అధ్యయనం 2000లో వచ్చింది. రొమ్ము నొప్పితో బాధపడుతున్న 200 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్పోర్ట్స్ బ్రా, ఇంకో జట్టుకు డానజాల్ అనే హార్మోను మందు ఇచ్చారు. బ్రా జట్టులో 85 శాతం మందికి ఉపశమనం దొరికింది, మందు జట్టులో 58 శాతం మందికి. మందుకు దుష్ప్రభావాలున్నాయి, బ్రాకు లేవు. నెలసరికి ముందు రొమ్ములు సలిపేవారికి, చిన్న గతుకుకే నొప్పెట్టేవారికి బ్రా మానడం కంటే మంచి బ్రా ఎంచుకోవడమే మేలు.

కొలత: అసలు గొడవంతా ఇక్కడే

"బ్రా తీసేస్తేగానీ ప్రాణం లేచి రాదు" అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది బ్రా కాదు, తప్పు సైజు. ఆస్ట్రేలియాలో 2008లో 30 మంది యువతులను కొలిచి చూస్తే 80 శాతం మంది తప్పు సైజు వేసుకున్నారు. 70 శాతానికి చిన్నది, 10 శాతానికి పెద్దది. చిన్న అధ్యయనమే. కానీ మన ఊళ్లలో కొనే తీరు తెలిసినవారికి అది ఆశ్చర్యం కలిగించదు. ఫ్యాన్సీ షాపు కౌంటర్ ముందు నిలబడి గొంతు తగ్గించి "34" అంటాం. అటువైపు మగమనిషి ఉంటే అదీ అనలేం. అట్టపెట్టె తీసి, పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తారు. ఛాతీ కింద చుట్టుకొలత ఎంత అని ఎవరూ అడగరు, కప్పు అక్షరం సంగతి అసలే రాదు. వేసి చూసే వీలుండదు, మార్చి ఇవ్వరు.

సైజులో రెండు భాగాలుంటాయి. అంకె ఛాతీ చుట్టూ తిరిగే పట్టీది, అక్షరం కప్పుది. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది పట్టీ. భుజాల మీది స్ట్రాపులు సాయం మాత్రమే. పట్టీ వదులైతే ఆ బరువంతా స్ట్రాపుల మీద పడి భుజాల్లో గాడులు పడతాయి, మెడ లాగుతుంది. ఇంకో సంగతి: డి కప్పు అనగానే చాలా పెద్దదనుకుంటారు, కానీ అక్షరానికి విడిగా కొలత లేదు. 32డి, 34సి, 36బి మూడింటిలోనూ కప్పు పట్టేది ఒకటే, మారేది పట్టీ పొడవు. 32డి సరిపోయే అమ్మాయికి "36బి ఇస్తాను, అదే" అంటే కప్పు సరిపోతుంది, పట్టీ మాత్రం వీపు మీద పైకి ఎగబాకుతుంది.

కంపెనీల పట్టికలు కూడా ఒకేలా ఉండవు. కొందరు ఛాతీ కింది కొలతనే పట్టీ సైజుగా తీసుకుంటారు, కొందరు దానికి నాలుగంగుళాలు కలుపుతారు. అందుకే పట్టికను నమ్మి ఊరుకోకుండా ఒంటి మీద పరీక్ష చేసుకోవాలి. కొత్త బ్రాను అన్నిటికంటే వదులైన హుక్కుకు పెట్టుకోండి. వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. వీపు మీద పట్టీ నేలకు సమాంతరంగా ఉండాలి. చేతులు పైకెత్తితే కప్పు లేవకూడదు, పక్కనుంచి రొమ్ము పొంగకూడదు. సాయంత్రం తీశాక లేత గుర్తులు పడి కాసేపటికి పోతే ఫర్వాలేదు. ఎర్రటి గాడులు గంటలకొద్దీ నిలిచాయంటే ఆ బ్రా మీది కాదు.

ఇంతకీ ఎప్పుడు మానొచ్చు?

ఇంట్లో ఉన్నప్పుడు, నిద్రపోయేటప్పుడు, కదలిక తక్కువున్న పనుల్లో మానేస్తే ఆరోగ్యానికి ఏ నష్టమూ లేదు. వేసుకునే పడుకుంటే హాయిగా ఉంటుందనుకునేవారికీ నష్టం లేదు. బిగుతు, తీగ లేకుండా ఉంటే చాలు. రొమ్ములు చిన్నగా ఉన్నవారు రోజంతా లేకుండా గడిపినా తేడా తెలియకపోవచ్చు. పెద్దగా ఉన్నవారికి లేకపోతే మెడ, వీపు పైభాగం నొప్పెట్టొచ్చు. ఏది హాయిగా ఉందో ఒంటికే తెలుస్తుంది.

మన ఎండలు కూడా లెక్కలోకి రావాలి. కోస్తా ఉక్కపోతలో పట్టీ కింద చెమట నిలిచి ఒరుసుకుపోతుంది, చెమటకాయలొస్తాయి, తామర పడుతుంది. అలాంటప్పుడు కొన్ని గంటలు గాలి ఆడనివ్వడం, నూలు బ్రా వాడటం, తడిసినదాన్ని మార్చడం మందుతో సమానం. అయితే రొమ్ము కిందికి ఆనే శరీరమైతే బ్రా లేనప్పుడు చర్మానికి చర్మం రాసుకుని అదే బాధ వస్తుంది. వారికి మెత్తని నూలు బ్రాయే నయం. పాలిచ్చే తల్లి తీగ ఉన్నవి, బిగుతువి మానాలి. ఒకే చోట నొక్కుకుంటే పాలు గడ్డకట్టినట్టయి వాపు రావొచ్చు. ఆపరేషన్ అయినవారు డాక్టర్ చెప్పినట్టు చేయాలి.

ఇక మిగిలింది నలుగురి చూపులు. దీనికి వైద్యం దగ్గర జవాబు లేదు, కానీ చరిత్ర దగ్గర కొంత ఉంది. ఇప్పటి బ్రాకు దారితీసిన ప్రసిద్ధ పేటెంటు న్యూయార్క్ యువతి మేరీ ఫెల్ప్స్ జేకబ్‌కు 1914 నవంబర్ 3న వచ్చింది. రెండు సిల్కు చేతిరుమాళ్లు, రిబ్బనుతో ఆమె మొదటిది కుట్టించింది. తర్వాత 1,500 డాలర్లకు హక్కులు అమ్మేసింది. మన పల్లెల్లో ముడి రవికతోనే జీవితమంతా గడిపినవారున్నారు, రవికే లేకుండా కొంగు చుట్టుకుని పొలం పనులు చేసిన ముసలమ్మలూ ఉన్నారు. వాళ్ల మర్యాదను ఎవరూ శంకించలేదు. 110 ఏళ్ల వయసున్న వస్తువును స్త్రీ శీలానికి కొలబద్ద చేయడం అన్యాయం. బయటికి బ్రా లేకుండా వెళ్లాలనుకుని, చూపులకు ఇబ్బంది పడేవారికి కప్పులు కుట్టించిన జాకెట్టు, లైనింగ్ ఉన్న కుర్తీ, లోపల నూలు స్లిప్ ఉన్నాయి. అవి కూడా వద్దనుకుంటే అదీ ఆమె ఇష్టమే.

ఆడపిల్లలకు మనం బాకీపడ్డది

అన్ని అంకెల్లోనూ నన్ను ఎక్కువ కలచివేసేది 2016లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 11 నుంచి 18 ఏళ్ల బడిపిల్లలు 2,089 మందిని అడిగితే, రొమ్ముల వల్ల ఆటల్లో పాల్గొనడానికి ఇబ్బందవుతోందని 46 శాతం మంది చెప్పారు. సగం మందికి పైగా స్పోర్ట్స్ బ్రా ఎప్పుడూ వేసుకోలేదు. స్పోర్ట్స్ బ్రా దుకాణాల్లో సులువుగా దొరికే దేశంలోనే ఇలా ఉంది. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల కబడ్డీ జట్టులోంచి తప్పుకుంటే "సిగ్గుపడుతోందిలే" అని వదిలేస్తాం. ఆమె భుజాల్ని ముందుకు వంచి, చున్నీని గట్టిగా లాక్కుని నడవడాన్ని పెంపకంలో భాగంగా చూస్తాం.

ఆ పిల్లకు కావలసింది సరిగ్గా సరిపోయే ఒక స్పోర్ట్స్ బ్రా, టేపుతో కొలిచే ఒక పెద్దదిక్కు, ఇంటికొచ్చాక తీసేసుకోవచ్చన్న భరోసా. అమ్మలు, అక్కలు ఇది ఈ వారమే చేయగలరు. పాఠశాలలు ఆడపిల్లల క్రీడాసామగ్రి జాబితాలో బూట్ల పక్కనే స్పోర్ట్స్ బ్రా కూడా చేర్చాలి, వ్యాయామ ఉపాధ్యాయినులు దాని గురించి మామూలుగా మాట్లాడాలి. వేసుకోవడమా మానడమా అన్నది ప్రతి స్త్రీ తన ఒంటిని, ఆ పూట పనిని చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం. అలా తేల్చుకునే తెలివిడి పదమూడేళ్లకే ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం మనది.