బయోస్ అప్‌డేట్ మధ్యలో చెడితే: అపోహలు – వాస్తవాలు

అపోహ: అప్‌డేట్ పెట్టాక తెర నల్లగా ఉండిపోయిందంటే ల్యాప్‌టాప్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది పోలేదు, తన పని చేసుకుంటోంది. బయోస్ మారాక మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు ర్యామ్‌ను మళ్లీ పరీక్షించి సర్దుకుంటుంది, తనంతట తానే రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. ఆ కాసేపు ఓపిక పట్టలేక పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు చూడండి, అసలు నష్టం అక్కడే జరుగుతుంది. చార్జర్ పెట్టి అరగంట వదిలేయండి. అప్పటికీ తెర రాక, క్యాప్స్ లాక్ లైటు ఒకే లెక్కలో మిణుకుమంటుంటే అది లోపం చెబుతోందన్నమాట. ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి, కంపెనీ ఇచ్చిన పట్టికతో పోల్చుకోవాలి.

అపోహ: బయోస్ చెడితే మదర్‌బోర్డు మార్చడమే గతి.

వాస్తవం: చెడింది బోర్డు కాదు, దాని మీది చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్. ఇలాంటి రోజు వస్తుందని కంపెనీలకూ తెలుసు కాబట్టి చాలా మోడళ్లలో రికవరీ దారి ముందే పెట్టారు. హెచ్‌పీ అయితే ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ పెట్టి, విండోస్ కీతో పాటు బి కీ నొక్కి ఉంచి, పవర్ బటన్ 2–3 సెకన్లు నొక్కి వదలాలి. కీల మీది వేళ్లు మాత్రం తీయకూడదు. తెర సుమారు 40 సెకన్లు ఖాళీగానే ఉంటుంది, బీప్‌లూ వినబడవచ్చు. కంగారు పడి వదిలేస్తే మళ్లీ మొదటికే. బి పనిచేయకపోతే వి కీతో ప్రయత్నించాలి. డెల్ కొత్త మోడళ్లలో చార్జర్ తీసేసి, కంట్రోల్, ఎస్కేప్ నొక్కి ఉంచి చార్జర్ గుచ్చాలి. రికవరీ తెర రాగానే కీలు వదలాలి. డిస్కులో బయోస్ కాపీ లేకపోతే, మరో కంప్యూటర్లో మీ మోడల్ ఫైలునే దించుకుని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌తో ఇవ్వాలి.

అపోహ: సీమాస్ బ్యాటరీ తీసి పెడితే బాగవుతుంది.

వాస్తవం: తేదీ, సెట్టింగులు మొదటికొస్తాయి, అంతే. ఫ్లాష్ చిప్‌లో రాసింది కరెంటు లేకున్నా అలాగే ఉంటుంది, తప్పుగా రాసినా సరే.

అపోహ: ఫైళ్లన్నీ పోయినట్టే.

వాస్తవం: ఫైళ్లుండేది డిస్కులో, బయోస్ చిప్‌లో కాదు. చిక్కంతా విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌తోనే: రిపేరు తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలామందికి అది తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. అప్‌డేట్‌కు ముందే చూసి రాసిపెట్టుకోవడం తెలివైన పని.

అపోహ: ఈ గొడవెందుకు, బయోస్ జోలికే వెళ్లకూడదు.

వాస్తవం: 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లాంటి ప్రాసెసర్ లోపాలకు మందు కొంత బయోస్ అప్‌డేట్ల ద్వారానే వచ్చింది. పైగా చాలా ల్యాప్‌టాప్‌లకు విండోస్ అప్‌డేటే వీటిని మోసుకొస్తోంది.

అపోహ: రికవరీ కుదరకపోతే నెట్‌లో దొరికిన బయోస్ ఫైలు ఏదైనా చిప్‌లో ఎక్కించేయొచ్చు.

వాస్తవం: చిప్‌లో రాసే ప్రోగ్రామర్ పరికరం చవకే, పనితనమే అరుదు. 1.8 వోల్టుల చిప్‌కు 3.3 వోల్టులిస్తే ఉన్న చిప్పూ పోవచ్చు. మీ సీరియల్ నంబరు, చాలా మోడళ్లలో విండోస్ లైసెన్సు కీ కూడా ఆ చిప్‌లోనే ఉంటాయి; వేరే ల్యాప్‌టాప్ ఫైలు ఎక్కిస్తే చెరిగిపోతాయి. అందుకే తెలిసినవాళ్లు ముందు చిప్‌లో ఉన్నదానికి కాపీ (డంప్) తీసి దాచుకుంటారు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లాంటి చోట్ల చిప్‌లెవెల్ పని చేసేవాళ్లున్నారు. ఎవరైనా బోర్డు మార్చాలని ఎస్టిమేట్ చేతికిస్తే, ఒప్పుకునే ముందు బయోస్ చిప్ రీప్రోగ్రామ్ చేసి చూశారా అని అడగండి.