ఇంటికన్నా ముందు దారి మునుగుతుంది

జులై, ఆగస్టు నెలల్లో వార్తలు పెడితే చాలు, రెండు అంకెలు వినిపిస్తాయి. భద్రాచలం దగ్గర గోదావరి ఇన్ని అడుగులు, ధవళేశ్వరం దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు. ఏటి ఒడ్డు పల్లెలకు ఇప్పుడు హెచ్చరిక చేరడంలో పెద్ద లోటు లేదు. టీవీ, ఫోను, గ్రామ సచివాలయ సిబ్బంది, ఊళ్లో మైకు, ఏదో ఒక దారిన కబురు వస్తుంది. అయినా పెద్ద వరద వచ్చినప్పుడల్లా డాబాల మీద చిక్కుకున్నవాళ్లను పడవల్లో తీసుకురావలసి వస్తోంది. కబురు అందినా ఇల్లు ఎందుకు కదలదు?

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి ఈ మూడు హెచ్చరికలు ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లు పోతున్నట్టు లెక్క.

మరి ధవళేశ్వరంలో ఉన్న అంత పెద్ద బ్యారేజీ వరదను ఆపదా? ఆపదు. కాలువలకు నీరెక్కేలా ఏటి మట్టాన్ని పెంచడానికి కట్టినది అది. అందులో పట్టేది మూడు టీఎంసీల లోపే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పది లక్షల క్యూసెక్కుల వరద వస్తుంటే ఖాళీ బ్యారేజీ అయినా గంటలోపే నిండిపోతుంది. అందుకే 175 గేట్లూ ఎత్తి, వచ్చిన నీటిని వచ్చినట్టే సముద్రానికి వదులుతారు. కింద లంకల్లో, అంటే ఏటి నడుమ దీవుల్లో, ఉన్నవాళ్లకు మిగిలేది సమయం ఒక్కటే. భద్రాచలంలో కనిపించిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజును ఎలా వాడుకున్నారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పాత వరదను కొలబద్దగా పట్టుకుంటారు. ‘ఎనభయ్యారులోనే మా గడప తడవలేదు’ అనే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. ఆ అనుభవం విలువైనదే. కానీ ఏ రెండు వరదలూ ఒకేలా రావు. 2006లో భద్రాచలంలో మట్టం 66.9 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ఆ లెక్కన 2022 వరదే పెద్దది. ధవళేశ్వరంలో మాత్రం లెక్క తిరగబడింది: 2006లో సుమారు 28.5 లక్షల క్యూసెక్కులు, 2022లో 25.8 లక్షలు. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి నది వచ్చి కలుస్తుంది. అది ఎంత తెస్తుందన్నది భద్రాచలం అంకెలో కనిపించదు.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు లోపలికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు చింతూరు, వి.ఆర్.పురం, కూనవరం వైపు పల్లెల్లోకి నీరు వెనక నుంచి వస్తుంది. దేవీపట్నం వైపు పోలవరం ప్రాజెక్టు కోసం ఏటికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట, కాఫర్ డ్యామ్, వచ్చాక పాత గుర్తులు పనిచేయడం లేదు. ఒకప్పుడు ఊరికి రాని ప్రవాహానికే ఇప్పుడు ముంపు వస్తోంది. కోనసీమ లంకల్లో పైనుంచి వచ్చే వరదతో పాటు సముద్రపు పోటునూ చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు ‘సముద్రం నీరు లాగట్లేదు’ అంటారు. అలాంటప్పుడు వరద తీయడం ఆలస్యమవుతుంది. గట్టు లోపల ఉన్నవాళ్లకూ పూర్తి భరోసా లేదు. 2006లో శానపల్లిలంక, మొండెపులంక దగ్గర ఏటిగట్లు తెగాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఇల్లు మునగకముందే దారి మునుగుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మొదటి ప్రమాద హెచ్చరిక రాకముందే మునిగిన సందర్భాలున్నాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి ఊళ్లకు ఏటిపాయ మీద వేసుకున్న తాత్కాలిక బాట కొట్టుకుపోతే పడవే గతి. అప్పటికి ఇల్లు పొడిగానే ఉంటుంది, పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎవరికీ తొందర అనిపించదు. నీళ్లు గడప ఎక్కేసరికి నడిచి వెళ్లే వీలు పోతుంది. ముసలివాళ్లనూ, నిండు గర్భిణులనూ రాత్రిపూట వరదలో పడవ ఎక్కించాల్సి వస్తుంది.

అంతమాత్రాన లంకవాళ్లకు జాగ్రత్త తెలియదనడం తప్పు. వాళ్లు పునాదులు ఎత్తుగా లేపుతారు, ధాన్యం బస్తాలు అటక ఎక్కిస్తారు, పాక దగ్గర నాటు పడవ కట్టి ఉంచుతారు. ఇంట్లోనే ఉండి వరదను గడిపేయడానికి కావలసిన సరంజామా వాళ్ల దగ్గరుంటుంది. లేనిది వెళ్లిపోవడానికి కావలసిన ఏర్పాటు. ఇంటాయన కదలకపోవడానికి చాలాసార్లు కారణం పాకలోని గేదెలే. పునరావాస కేంద్రంలో మనిషికి భోజనం పెడతారు, గేదెకు చోటెక్కడ? మేత ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు ముందే జవాబు ఉంటే మనుషులు త్వరగా కదులుతారు. పశువులను ఏ గట్టు మీదకు తోలాలి, ఎండుగడ్డి ఏ మెరక మీద మేటు వేయాలి, ఎవరు కాపలా ఉండాలి అన్నది నాలుగు ఇళ్లవాళ్లు కూర్చుని వేసవిలోనే తేల్చుకోవచ్చు. తోలే వీలు అసలే లేకపోతే పలుపులు విప్పి వదిలేయాలి. కట్టేసి ఉన్న పశువుకు ఈదే అవకాశం కూడా ఉండదు.

ఇక కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, రోజూ వేసుకునే మందుల చీటీ ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. వాటి ఫోటోలు ఫోన్లోనూ, ఊరవతల ఉండే బంధువుల ఫోన్లోనూ ఉంటే ఇంకా మేలు. పంటకు సాయం అందాలంటే 33 శాతమో అంతకు మించో నష్టం జరిగినట్టు లెక్క తేలాలి. ఆ పంట ప్రభుత్వ ఆన్‌లైన్ పంటల జాబితా ‘ఈ-పంట’లో నమోదై ఉండాలి. కౌలు రైతు సాగు హక్కు పత్రం తీసుకోకపోతే పెట్టుబడి ఒకరిది, పరిహారం మరొకరిది అయ్యే ప్రమాదం ఉంది. వరదకు సిద్ధపడటంలో ఇదీ ఒక భాగమే.

నీళ్లు తీశాక వచ్చే ఇబ్బందులు వేరు. మునిగిన బావి నీటిని బ్లీచింగ్ వేసి శుభ్రం చేసేదాకా తాగకూడదు. బోరు నీళ్లయినా కాచి చల్లార్చుకోవాలి. పాములు అటకల మీదకూ, కట్టెల మోపుల్లోకీ చేరతాయి. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. ఆ అవయవాన్ని కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి. తడిసిన మీటరునూ, మోటారునూ లైన్‌మన్ చూడకుండా ముట్టుకోకూడదు.

ఇంత జాబితా గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ప్రతి ఇల్లూ చేయగల పని ఒకటుంది. గత వరదల్లో ధవళేశ్వరం దగ్గర, లేదా ఎగువవాళ్లయితే భద్రాచలం దగ్గర, ఏ అంకె ఉన్నప్పుడు మన దారి మునిగిందో, ఏ అంకెకు పశువుల పాకలోకి నీళ్లొచ్చాయో, ఏ అంకెకు గడప తడిసిందో ఊళ్లోవాళ్లనూ, సచివాలయంలోనూ అడిగి తెలుసుకోవాలి. ఆ మూడు అంకెలనూ గోడ మీద రాసుకోవాలి. కాఫర్ డ్యామ్ లాంటివి వచ్చిన చోట ఇటీవలి వరదల లెక్కే తీసుకోవాలి. బయల్దేరాల్సింది దారి అంకె దగ్గర. గడప అంకె దాకా ఆగకూడదు. నీరు ఏ వేగంతో పెరుగుతోందో కూడా చూడాలి. మూడు గంటల తేడాతో రెండుసార్లు మట్టం కనుక్కుంటే అది తెలిసిపోతుంది. చిక్కుకుంటే 112కు గానీ, 1070కి గానీ ఫోన్ చేయాలి.

ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో, ఎక్కడికి వెళ్లాలో మృగశిర కార్తెలోపే ఇంటిల్లిపాదీ అనుకుని ఉంచాలి. 2022లో గోదావరి ఆగస్టు దాకా ఆగకుండా జులై నడుమనే విరుచుకుపడింది. నీళ్లు వచ్చాక వాదులాడుకుంటూ కూర్చుంటే చేతిలో ఉన్న ఆ ఒక్క రోజూ వాదనకే ఖర్చయిపోతుంది.