తగ్గని పసికామెర్లు

పుట్టిన రెండవ, మూడవ దినమున పసిబిడ్డ కన్నులు, మేను పచ్చబారుట సర్వసాధారణము. గర్భములో నున్నప్పుడు బిడ్డకు ఎర్రకణములు అధికము. పుట్టిన పిమ్మట అవి విరుగగా బిలిరుబిన్ అను పసుపువన్నె పదార్థము ఏర్పడును. లేత కాలేయము దానిని వెంటనే వెడలింపజాలదు. నెలలు నిండిన బిడ్డలలో ఈ పచ్చదనము రెండు వారములలోను, నిండనివారిలో మూడు వారములలోను సాధారణముగా పోవును. ఆపైన నిలిచినచో కారణము వెదకవలెను.

కారణములలో పెక్కు అపాయము లేనివే. తల్లిపాలతో చక్కగా బరువెక్కుచున్న బిడ్డకు కామెర్లు కొన్ని వారములు నిలుచుట కద్దు. అందుకై పాలు మాన్పింపరాదు. థైరాయిడ్ లోపము, మూత్రములో చీము, తల్లిబిడ్డల రక్తవర్గములు పొసగకపోవుట కూడ కారణములు కావచ్చును. థైరాయిడ్ లోపమునకు సకాలమున మందీయనిచో బుద్ధి మందగించును.

అన్నిటికంటె తొందరపెట్టునది పైత్యరస నాళములు మూసుకొనిపోవు వ్యాధి. ఇది అరుదు, బిడ్డయు మొదట ఆరోగ్యముగనే కనిపించును. కాని పైత్యరసము ప్రేగులోనికి దిగదు గనుక మలము సుద్దవలె తెల్లబారును. మూత్రము బట్టకు పచ్చని మరక వేయును. 1950లలో జపాను వైద్యుడు మోరియో కసాయి ప్రేగును కాలేయమునకే అతికి పైత్యరసమునకు దారిచేయు శస్త్రచికిత్సను రూపొందించెను. రెండు నెలలు నిండకముందే చేసిన అది ఫలించు అవకాశము హెచ్చు. ఆలస్యమైన కొలది కాలేయము గట్టిపడును.

కావున రామకుప్పము పల్లెలలోని తల్లులకు మేము చెప్పదలచినది ఒక్కటే. బిడ్డను తుడిచిన బట్టను పగటి వెలుగున చూడుడు. మలము పసుపుగా నున్నచో కొంత ధైర్యము. తెల్లగా నున్నచో ఆనాడే వైద్యుని చూడవలెను. రంగు ఎట్లున్నను, రెండు వారములు దాటిన కామెర్లకు రక్తపరీక్ష చేయింపవలెను. అందులో మొత్తము బిలిరుబిన్ మాత్రమే చాలదు. ‘డైరెక్టు’ భాగమెంతయో తెలియవలెను. అది డెసిలీటరునకు 1 మిల్లీగ్రామును మించినచో కాలేయమునందో, పైత్యనాళములందో దోషమున్నదని అనుమానింపవలెను. దగ్గరలోనే కుప్పమున పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆస్పత్రి యున్నది.

పసరుతో ఒక వారము, ఎండలో చూపుచు ఒక వారము గడపుట కొన్నిచోట్ల వాడుక; వాతలు వేయువారును కలరు. పసరును, వాతయు బిడ్డకు హాని చేయును. మూసుకొనిన నాళమును ఎండ తెరువజాలదు. పోయిన దినములు తిరిగి రావు. ఆశా కార్యకర్త 14వ, 21వ దినములలో బాలింత యింటికి వచ్చును. ఆనాడు ఆ బట్టను దాచక ఆమెకు చూపుడు.