పడని పదార్థాల చుట్టరికాలు

“రొయ్యలు పడవు, పీతలు తినవచ్చునా?”, “వేరుసెనగ పడని పిల్లవాడికి కందిపప్పు పెట్టవచ్చునా?” అని ఎందరో గృహిణులు నన్ను అడుగుతూ ఉంటారు. వేడి, చలువ అనే విభజన ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేదు. ఆయా పదార్థాలలోని మాంసకృత్తులు ఏ వంశానికి చెందినవో తెలుసుకోవాలి.

శరీరానికి ఒదిగిన ఆహారాన్ని చరకసంహిత ‘సాత్మ్యం’ అన్నది. ‘అలర్జీ’ అన్న పదాన్ని 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రవేశపెట్టాడు. ఈ రెండు భావనలూ ఒకటి కావు. పాలలోని చక్కెర అరగక కడుపుబ్బరం కలిగితే ఆ పాలు సాత్మ్యం కాలేదనవచ్చు గాని, అది అలర్జీ కాదు. ఏ హానీ చేయని మాంసకృత్తును మన రక్షణ వ్యవస్థ శత్రువుగా భ్రమించి, ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షకాలను దానిపై ప్రయోగించడమే ఆహారపు అలర్జీలలో ముఖ్యమైన రకం.

ఒకే మూలం నుండి జీవపరిణామ క్రమంలో చీలిపోయినా, నిర్మాణంలో పోలికలు నిలుపుకొన్న మాంసకృత్తులను ఒక వంశంగా పరిగణిస్తారు. 2008లో వియన్నా శాస్త్రజ్ఞులు 707 అలర్జీ కారకాలను వర్గీకరించగా, అవి 134 వంశాలలో ఇమిడిపోయాయి. నాటికి తెలిసిన తొమ్మిదివేల పైచిలుకు వంశాలలో ఇవి నూటికి రెండు పాళ్లకు మించవు. అంటే అలర్జీ కలిగించే గుణం కొద్ది వంశాలకే పరిమితమన్నమాట.

రొయ్యల సంగతి చూద్దాం. వాటి కండరాలలోని ‘ట్రోపోమయోసిన్’ అనే మాంసకృత్తే ప్రధాన దోషి అని 1993లో, మన దేశపు రొయ్యపై బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలో వెల్లడైంది. దీనికి అతి సమీప బంధువులు పీతలలోను, బొద్దింకలలోను, ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులలోను ఉన్నాయి. అందువల్లనే రొయ్యలు పడనివారిలో అధిక సంఖ్యాకులకు పీతలు కూడా పడవు. ఎంత ఉడికించినా ఈ గుణం నశించదు.

ట్రోపోమయోసిన్ కోడిలోను, మేకలోను, మనలోను కూడా ఉన్నది. అయినా కోడిమాంసం సాధారణంగా అలర్జీ కలిగించదు. వెన్నెముక గల జంతువుల ట్రోపోమయోసిన్ మన దానిని ఎంతగానో పోలి ఉండడం వల్ల, రక్షణ వ్యవస్థ దానిని తనదిగానే ఎంచుతుంది. జంతు సంబంధమైన ఆహారంలో, మానవ మాంసకృత్తుతో నూటికి అరవై రెండు పాళ్లకు మించి పోలిక గలవి అరుదుగానే అలర్జీ కలిగిస్తాయని 2007లో ప్రచురితమైన పరిశీలన తెలిపింది. ఇక చేపలలోని ముఖ్య కారకం ‘పార్వాల్బుమిన్’ది వేరే వంశం. కావున రొయ్యలు పడనంత మాత్రాన చేపలు మానవలసిన అవసరం లేదు.

మొక్కలలో రెండు వంశాలు ప్రధానమైనవి. పీపా ఆకారపు నిర్మాణం గల ‘క్యూపిన్’ వంశం వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు, సోయాలలో ఉన్నది. దీని దూరపు బంధువులు సూక్ష్మజీవులలో సైతం కనిపిస్తాయి. రెండవదైన ‘ప్రోలమిన్’ వంశం గోధుమలు, ఆవాలు, నువ్వులు, వేరుసెనగలలో ఉన్నది. ఈ వంశంలోని అనేక మాంసకృత్తులు గంధకపు బంధాలతో బిగుతుగా ముడిపడి ఉండడం వల్ల వేడికీ, జీర్ణరసాలకూ లొంగవు. వేయించితే దోషం పోతుందని భావించరాదు. గానుగ నూనెలలో కూడా వీటి శేషం ఉండవచ్చును.

అయితే చుట్టరికం ఉన్న ప్రతి పదార్థమూ పడకపోదు. జీడిపప్పు పడనివారిలో చాలామందికి పిస్తా పడదు. కాని వేరుసెనగ పడనివారిలో అనేకులు కందిపప్పును, పెసరపప్పును నిరభ్యంతరంగా తింటున్నారు. అనుమానంతో పిల్లలకు పప్పులన్నీ మాన్పించడం వారి ఎదుగుదలకు నష్టం. చర్మపరీక్షలోనో రక్తపరీక్షలోనో ప్రతిరక్షకాలు కనబడినంత మాత్రాన అలర్జీ రుజువైనట్లు కాదు. ఏమి తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమి జరిగిందో రాసి ఉంచుకొని వైద్యునికి చూపండి. మానవలసినవేవో ఆయనే నిర్ణయించాలి.

“కొంచెం కొంచెంగా పెడితే అలవాటవుతుంది” అని ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు. తిన్న కొద్దిసేపటికే పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకొన్నా, ఆయాసం వచ్చినా, స్పృహ తప్పుతున్నా కషాయాలతో కాలయాపన తగదు. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. తక్షణం ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. వంటింటి వైద్యాన్ని ఎంతగానో గౌరవించే నేను సైతం ఈ ఒక్క సందర్భంలో ఏ చిట్కానూ చెప్పను.