పెనుగొండ బడికి పదికి ఎన్ని?

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్లు వంటగది కంటే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్తారు. ఆ వీధి పిల్లలు వెళ్లే ఎలిమెంటరీ స్కూలుకు గ్రేట్‌స్కూల్స్ సైటులో పదికి తొమ్మిదో పదో ఉంటే, ఇల్లు కాస్త ఇరుకైనా, ధర ఎక్కువైనా సరే అంటారు. ఐదు కనిపించిందా, ఇల్లెంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. అదే మనుషులు సెలవులకు పెనుగొండ వచ్చి, వాసవీ అమ్మవారి దర్శనం చేసుకుని, ఒకప్పుడు తాము చదివిన మండల పరిషత్ బడి ముందు కారాపుతారు. కొత్త రంగులూ గోడల మీద బొమ్మలూ ఉంటే "భలే బాగుచేశారే!" అంటారు. గేటు తుప్పుపట్టి ఉంటే "అయ్యో" అని, ఎంత చందా ఇవ్వాలో ఆలోచిస్తూ బయల్దేరతారు. అక్కడ అంకె చూశారు, ఇక్కడ రంగు చూశారు. చదువు ఎలా ఉందో రెండుచోట్లా చూడలేదు.

ఆ పదికి తొమ్మిది అనే అంకెలో చాలాకాలం పెద్ద వాటా పరీక్షల మార్కులదే. ఆ మార్కుల్లో బడి పనితనం ఎంతో, ఇంట్లో అమ్మానాన్నల చదువూ సంపాదనా ఎంతో విడదీయడం కష్టం. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ అమెరికా స్కూల్ డిస్ట్రిక్టుల పరీక్షల లెక్కలన్నీ ముందేసుకుని చూస్తే, సగటు మార్కులకూ పిల్లలు ఏడాదికేడాది నేర్చుకునే వేగానికీ పెద్ద పొంతన కనపడలేదు. షికాగో ప్రభుత్వ బడుల మార్కులు తక్కువే. కానీ మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో అక్కడి పిల్లలు ఆరేళ్ల చదువు నేర్చుకుంటున్నారని 2017లో ఆయన తేల్చాడు. 2020లో గ్రేట్‌స్కూల్స్ వాళ్లు కూడా తమ రేటింగులో ఈ ఎదుగుదలకు ప్రాధాన్యం పెంచారు. పిల్లవాడు ఎక్కడున్నాడన్నది కాదు, బడికి వచ్చాక ఎంత దూరం కదిలాడన్నది చూడాలి. పెనుగొండకూ ఇదే కొలత సరిపోతుందని నా అభిప్రాయం. అక్కడ ఇంకా ఎక్కువ సరిపోతుంది.

ఎందుకంటే మండల పరిషత్ బడికి వచ్చే పిల్లలెవరో చూడండి. పొద్దున్న ఎనిమిదింటికి తణుకు రోడ్డు మీద నిలబడితే ప్రైవేటు స్కూళ్ల పసుపుపచ్చ బస్సులు వరసగా పోతుంటాయి. సిద్ధాంతం, వడలి వైపు ఊళ్లలో నాలుగు ఎకరాలున్న రైతు, చిన్న కిరాణా కొట్టున్న వ్యాపారి, ఆఖరికి ఆటో నడిపే కుర్రాడు కూడా పిల్లల్ని ఆ బస్సులే ఎక్కిస్తున్నారు. ఊరి బడిలో మిగిలేది ఎక్కువగా కూలి పనికి వెళ్లేవాళ్ల పిల్లలు. వాళ్లకు ట్యూషన్ ఉండదు, ఇంట్లో హోంవర్కు చూసేవాళ్లూ ఉండరు. ఆ పిల్లల మార్కుల్ని, సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లే పిల్లల మార్కులతో పోల్చి "గవర్నమెంటు బడి పనికిరాదు" అనడం ఏం న్యాయం?

దీన్ని న్యాయంగా పోల్చిన పని ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజంతా వోచర్ల రూపంలో ఇప్పించారు. ఓడిన పిల్లలు ఊరి బడిలోనే ఉండిపోయారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు వైపులా ఫలితం ఒకటే. ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నది హిందీలో. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ గంటలు కేటాయించి, మిగిలిన సమయం వేరే సబ్జెక్టులకు ఇచ్చాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద వాటికయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే ఆ బస్సెక్కిన పిల్లలకు తెలుగూ లెక్కలూ ఎక్కువ రాలేదు, కానీ రాష్ట్రం ఖర్చు పెడుతున్న డబ్బుకు తగ్గ ఫలితమూ ఊరి బడిలో కనపడలేదు. ప్రభుత్వ బడిని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ అధ్యయనంలో మొదటి సగమే చెబుతారు. తిట్టేవాళ్లు రెండో సగమే చెబుతారు.

అసలు గోదావరి డెల్టాలో బడిని తూచే ప్రయత్నం ఇవాళ్టిది కాదు. 1850ల్లో సబ్ కలెక్టరు టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం చుట్టుపక్కల రైతులు శిస్తుతో పాటు బడికని అదనంగా పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. నరసాపురం టేలర్ హైస్కూలు పేరులో ఉన్నది ఆయనే. తర్వాతి దశాబ్దాల్లో మద్రాసు ప్రభుత్వం ఫలితాన్ని బట్టి గ్రాంటు పెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాణ్ణి చదివించి, రాయించి, లెక్క చేయించి, గట్టెక్కిన వాడికి ఇంత అని బడికి డబ్బిచ్చేవాడు. దాంతో పంతుళ్లు ఇన్‌స్పెక్టరు అడిగేదే నేర్పారు, వాచకం మొత్తం కంఠతా పట్టించారు. ఈ జబ్బు ఇప్పటికీ వదల్లేదు. ఎలా పట్టుకోవాలో కింద చెబుతాను.

ముందు ఇంటి నుంచే చూడదగింది ఒకటుంది. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మన రాష్ట్రం కోడ్‌లు 28తో మొదలవుతాయి. యూడైస్ సైటులో బడి రిపోర్ట్ కార్డు ఎవరైనా తెరవొచ్చు: ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లెందరు, నీళ్లు, కరెంటు, లైబ్రరీ ఉన్నాయా లేవా. జిల్లా పశ్చిమ గోదావరి అని సరిచూసుకోండి, లేకపోతే కృష్ణదేవరాయల పెనుకొండలో తేలతారు. ఇవి హెడ్మాస్టరు నింపి పంపిన లెక్కలన్నది మాత్రం మరవొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: 2022లో వచ్చిన 117 నంబరు జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకు తరలించారు. 2025లో మళ్లీ ఆ పద్ధతి మార్చారు. కాబట్టి ఒక బడిలో 80 మంది పిల్లలు ఉన్నట్టుండి 30కి పడిపోయినట్టు కనిపిస్తే పిల్లలు పారిపోయారని అనుకోకండి, జీవో తీసుకెళ్లి ఉండొచ్చు.

రిపోర్ట్ కార్డులో అన్నిటికంటే ముందు చూడాల్సింది టీచర్ల వరస. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు. తరగతులు మాత్రం ఐదు. ఒక మేడం ఒకటి, రెండు తరగతులు పట్టుకుంటే ఇంకో మాస్టారు మిగతా మూడూ చూడాలి. మూడో తరగతికి పాఠం చెబుతుంటే నాలుగు, ఐదు తరగతులు నోటుబుక్కులో ఏదో ఎక్కించుకుంటూ కూర్చుంటాయి. ఇద్దరిలో ఒకరు ట్రైనింగుకో, సర్దుబాటు మీద ఇంకో బడికో వెళ్లిన రోజున ఐదు తరగతులూ ఒక్కరి మీదే. అందుకని "టీచర్లెందరు?" అని అడక్కండి. "నిన్న ఎంతమంది వచ్చారు?" అని అడగండి. 2025లో మొదలైన ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు ఉండాలన్నది నియమం. అదే ఏడాది 16,347 టీచరు పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ వల్ల కొత్తవాళ్లు బడుల్లో చేరారు. మీ ఊరి బడి ఆదర్శ పాఠశాలల పట్టికలో ఉందో లేదో తెలుసుకోవడం గేటుకు రంగు వేయించడం కంటే పెద్ద పని.

ఇక చదువు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వే చేస్తోంది. దాని పద్ధతి చాలా సులువు. ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ వరసగా చదివిస్తారు. 2022లో మన రాష్ట్రపు పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 10.3 శాతం. 2018లో 22.6 శాతం ఉండేవాళ్లు, కోవిడ్‌తో సగానికి పైగా పోయింది. ఇది ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ కలిపిన లెక్క అని బస్సుల మీద నమ్మకమున్నవాళ్లు గమనించాలి.

ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. మండలంలోనే ఒక బడిలో హెడ్మాస్టారి అనుమతితో మూడో తరగతి పాపను చదవమన్నాను. పుస్తకం తీసి గడగడా అప్పజెప్పింది. వేలు ఒక లైను మీదుంటే నోరు అప్పుడే కింది లైనుకు పోయింది. నేను చెప్పిన ఇన్‌స్పెక్టరు కాలం జబ్బు ఇదే. అప్పుడు గోడ మీద మధ్యాహ్న భోజనం బోర్డు చూపించి అది చదవమన్నాను. 'గుడ్డు' చటుక్కున వచ్చేసింది, 'చిక్కీ' కూడా. పైన పెద్దక్షరాల్లో ఉన్న 'పౌష్టికాహారం' దగ్గర ఆగింది. 'పౌ' అంది. 'ష' అంది. కింద ఉన్న టవత్తును కాసేపు తేరిపార చూసి, పెదాలు కదిపి, "ష్...టి... ష్టి" అని తనంతట తానే కలుపుకుంది. ఆ కలుపుకోవడం ఎవరో నేర్పితేనే వస్తుంది. ఒకటో తరగతిలో గుణింతాలు, రెండో తరగతిలో ఒత్తులు చెప్పిన మేడం ఎవరో నాకు తెలియదు గానీ, గడగడా చదివిన పాఠానికి నేను మార్కులేమీ వేయలేదు, ఆ ఒక్క మాటకు వేశాను.

లెక్కలకైతే పలక మీద 41లోంచి 13 తీసేయమనండి. 32 అని రాస్తే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. 28 వస్తే, ఎలా వచ్చిందో చెప్పమనండి.

అన్నానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు, బడికి చాలదు. మీరు అడిగితే హెడ్మాస్టారు ముందుకు పిలిచేది క్లాసులో ఫస్టు వచ్చే పిల్లనే. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాడి నోటుబుక్కు అడగండి. అందులో తప్పు లెక్క మీద కూడా ఎర్ర సిరాతో టిక్కు పడి ఉంటే, దిద్దినట్టు చూపించడానికి దిద్దారన్నమాట. తప్పుకు గుండ్రం చుట్టి, కింద పిల్లవాడి చేత మళ్లీ చేయించి ఉంటే ఆ బడి గురించి ఇంకేమీ అడగక్కర్లేదు.

మధ్యాహ్నం దాకా ఉండగలిగితే ఉండండి. మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి పాయ దాటితే కోనసీమలో ఆ తల్లి ఊరు, అడిగినవాళ్లకు వేళాపాళా లేకుండా వండి పెట్టిన ఇల్లు. ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం లెక్క. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్నది నియమం. చూడాల్సింది మెనూ కాదు, హాజరు పట్టీలో ఎంతమంది, కంచాల ముందు ఎంతమంది అన్నది. మరుగుదొడ్డి తలుపు తెరిచి ఉందా, లోపల కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా చూడండి. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పథకం తొలి విడతలో 15,715 బడులు బాగుపడ్డాయి, అది నిజం. కట్టిన మరుగుదొడ్లకు తాళం వేసి ఉంచితే ఆడపిల్లలకు ఒరిగేదేమీ లేదు, అదీ నిజమే.

చివరగా డబ్బు సంగతి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో చాలామందికి అసలు ప్రశ్న అదే. మురళీధరన్ బృందం మన రాష్ట్రంలోనే ఇంకో రెండు విషయాలు తేల్చింది. బడికి సామాన్ల కోసం గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలిసినప్పుడు, వాళ్లు పలకలకూ పుస్తకాలకూ పెట్టే సొంత ఖర్చు ఆ మేరకు తగ్గించుకున్నారు. పిల్లల చదువులో తేడా రాలేదు. అదే అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చిన బడుల్లో రెండేళ్లలో తెలుగూ లెక్కలూ రెండూ మెరుగయ్యాయి. గోడకు వేసే రంగులూ పేరు చెక్కిన ఆర్చీలూ ఇచ్చిన దాతలు నన్ను క్షమించాలి, నా ఓటు మాత్రం ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఓ అమ్మాయికి వలంటీరుగా నెలజీతం ఇవ్వడానికే. అదీ మండల విద్యాధికారితో మాట్లాడి, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకున్నాకే. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. సర్పంచిగారి ఇంట్లో కాఫీ తాగుతూ తేల్చే విషయం కాదిది.

మనలో చాలామంది బడి నడుస్తుండగా ఎప్పుడూ చూడకపోవడానికి కారణం టికెట్లు. మే నెలలో వెళ్తే వేసవి సెలవులు, సంక్రాంతికి వెళ్తే పండగ సెలవులు. జూన్ 12న బడి తెరిచాక మొదటి పదిహేను రోజులూ పుస్తకాలూ యూనిఫాంల పంపకంతోనే సరిపోతుంది. డిసెంబరు మొదటి వారాల్లో వెళ్లండి. అప్పటికి పిల్లలు ఐదారు నెలలు చదివి ఉంటారు, నోటుబుక్కులు నిండి ఉంటాయి. ముందు రోజే హెడ్మాస్టారికి ఫోను చేసి అడగండి, పిల్లల ఫొటోలు తీయకండి, మిఠాయి పొట్లాలు ఆఖర్న పంచండి. ప్రేయర్ గంట కొట్టకముందే చేరుకుంటే టీచర్లెంతమంది వచ్చారో ఎవర్నీ అడక్కుండానే లెక్కపెట్టుకోవచ్చు.