‘బట్’కి మూడు మాటలు, కామాకి ఒక అర్థం

ఇంగ్లీషు నుంచి చెక్‌లోకి అనువాదం చేసేవాళ్లని పెద్ద పెద్ద పదాలు అంతగా ఏడిపించవు. అవి నిఘంటువులో దొరుకుతాయి. ఏడిపించేవన్నీ వాక్యాల్ని కలిపే చిన్న మాటలే. బట్, అన్‌టిల్, ఆర్... బ్రనోలో ఉంటూ ఈ పని చేస్తున్నాను కాబట్టి రోజూ వీటితోనే కుస్తీ. 2004లో చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక చెక్ కూడా అక్కడ అధికార భాష అయింది. ఇక చట్టాలూ, నిబంధనలూ అన్నీ ఈ భాషలోకి రావాల్సిందే.

‘బట్’ సంగతి చూడండి. మామూలుగా ‘ఆలె’ అంటే చాలు. కాస్త రాతభాషలోకి వెళితే ‘వ్షాక్’ వస్తుంది. అది వాక్యం మొదట్లో కూర్చోదు, రెండో స్థానమే దానిది. ‘ఇది కాదు, అది’ అని మొదటిదాన్ని కొట్టిపారేయాలంటే ‘నీబ్రష్’. మనమైతే అక్కడ కలిపే మాటే వాడం. ‘టీ కాదు, కాఫీ’ అంటాం, అంతే. మధ్యలో ‘కానీ’ పెడితే నవ్వుతారు.

‘ఇన్ ఆర్డర్ టు’ ఇంకా వింత. దానికి చెక్‌లో ఉన్న ‘అబి’ అనే మాట మనిషిని బట్టి మారిపోతుంది! నేనైతే ‘అబిఖ్’, నువ్వైతే ‘అబిస్’, మేమైతే ‘అబిఖోమ్’, మీరైతే ‘అబిస్తె’. మనకి ‘వెళ్లడానికి’ అంటే ఎవరు వెళ్లినా అదే మాట. ఇక్కడ మాత్రం ఆ పని చేసేదెవరో తేల్చుకుంటే గానీ కలం కదలదు.

‘అన్‌టిల్’ దగ్గర తెలుగు నన్ను కాపాడింది. ‘ఆయన వచ్చేదాకా ఆగు’ అనడానికి చెక్‌వాళ్లు ‘ఆయన రానంతవరకూ ఆగు’ అంటారు. ‘దొకుద్’ అని, క్రియకి ముందు ‘కాదు’ అనే అర్థమిచ్చే ‘నె’ తగిలిస్తారు. ఆ ‘నె’ జారిపోయిందా, ‘మీరు డబ్బు కట్టనంతవరకూ’ కాస్తా ‘మీరు డబ్బు కడుతున్నంతకాలం’ అయి కూర్చుంటుంది. మనకి రెండు పద్ధతులూ ఉన్నాయి కాబట్టి నాకు ఇట్టే పట్టుబడింది. అన్నట్టు, మన ‘అన్నట్టు’కి చెక్‌లో ‘మిమోఖోదెమ్’ అంటారు. పక్కనుంచి నడిచిపోతూ అనే భావం. నాకు భలే ఇష్టమైన మాట.

అసలు ప్రమాదం ఒకేలా వినిపించే మాటలతో. ఇంగ్లీషు ‘ఎవెన్‌చువల్లీ’ అంటే చివరికి. చెక్ ‘ఎవెంతువాల్నె’ అంటే అవసరమైతే, ఒకవేళ. పోయినేడాది ఇక్కడ చదువుకునే మన కుర్రాడొకడు అద్దె ఒప్పందం ఇంగ్లీషు కాపీ పట్టుకొచ్చాడు. డిపాజిట్‌లోంచి యజమాని ‘ఎవెన్‌చువల్లీ’ రిపేర్ల ఖర్చు తీసుకుంటాడని అందులో ఉంది. ‘‘ఎలాగూ చివరికి కోసేస్తారట అన్నా, అడిగి ఏం లాభం’’ అన్నాడు. రెండు నెలల అద్దె అది, వాళ్ల నాన్న అప్పు తెచ్చి పంపిన డబ్బు. చెక్ ప్రతి తెప్పించి చూశాను. రిపేర్లంటూ ఉంటేనే కోత అని ఉంది. ఇంట్లో గోడకి గీత కూడా పడలేదు. తేడా వస్తే చెక్ ప్రతే చెల్లుతుందని కింద ఇంకో షరతూ ఉంది.

అందులోనే ఇంకో మెలిక. తాళాలు స్వయంగా ఇవ్వాలి, లేదా పోస్టులో పంపాలి అన్నచోట ‘నెబొ’ ముందు కామా ఉంది. చెక్‌లో ఆ కామా పెడితే రెంటిలో ఒకటే అని. పెట్టకపోతే ఏదైనా సరే, రెండూ అయినా సరే. చెక్ భాషా సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టిన కరదీపికలో ఈ నియమం స్పష్టంగా ఉంటుంది. అనుమానం వస్తే ఇక్కడివాళ్లూ అదే తెరుస్తారు. మనవాడు తాళాలు చేతికే ఇచ్చి, సంతకం తీసుకున్నాడు. అదీ మంచిదే అయింది.

ఉత్తరం నేనే చెక్‌లో రాసిపెట్టాను, ‘ఎవెంతువాల్నె’ కింద గీత గీసి. మూడు వారాలకి డబ్బు మొత్తం ఖాతాలో పడింది.