బెల్‌గ్రేడ్ 1970: పదిహేడు ఎత్తుల్లో ముగిసిన ఆట

చదరంగం జట్టు పోటీల్లో మొదటి బోర్డు దగ్గర కూర్చునేవాడిదే అందరికంటే బరువైన బాధ్యత. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ యూనియన్‌కూ మిగతా ప్రపంచానికీ పది బోర్డుల మీద నాలుగు రౌండ్ల పోటీ జరిగినప్పుడు, ప్రపంచ జట్టులో ఆ స్థానం తనకే ఇవ్వాలని డెన్మార్క్ ఆటగాడు బెంట్ లార్సెన్ పట్టుబట్టాడు. బాబీ ఫిషర్ రెండో బోర్డుకు ఒప్పుకున్నాడు. లార్సెన్‌కు ఎదురుపడింది ప్రపంచ చాంపియన్ బోరిస్ స్పాస్కీ.

రెండో రౌండ్లో లార్సెన్‌వి తెల్లపావులు. మొదటి ఎత్తు బి3. మధ్యలోకి బంటును తోయకుండా, బిషప్‌ను బి2లో నిలిపి దూరం నుంచే మధ్య గళ్లను అదుపులో పెట్టడం ఈ ఓపెనింగ్ ఉద్దేశం. దీన్ని నిమ్జో-లార్సెన్ ఎటాక్ అంటారు. ఆలోచన మంచిదే, కానీ దానికి తీరిక కావాలి. స్పాస్కీ ఆ తీరిక ఇవ్వలేదు.

నాలుగో ఎత్తుకు తెల్లగుర్రం ఎఫ్3కి రాగానే నల్లబంటు ఇ4కి వచ్చి దాన్ని తరిమింది. గుర్రం డి4కి వెళ్తే అక్కడ సి5 నుంచి నల్ల బిషప్ గురిపెట్టింది. చివరికి ఆ తెల్లగుర్రం సి6లోని నల్లగుర్రాన్ని కొట్టి తానూ పోయింది. ఒక్క గుర్రానికే మూడు ఎత్తులు ఖర్చయ్యాయి. ఆట ముగిసేదాకా తెల్లవారి రెండో గుర్రం, మంత్రి వైపు ఏనుగు కదలనే లేదు.

పన్నెండో ఎత్తుకు లార్సెన్ తన బంటును హెచ్3కి జరిపి, జి4లోని నల్లగుర్రాన్ని బెదిరించాడు. స్పాస్కీ దాన్ని వెనక్కి తీయలేదు, అంచు బంటును హెచ్4కి తోశాడు. గుర్రం పోయింది, ఆ బంటు మాత్రం జి3లోని తెల్లబంటును కొట్టి ముందుకొచ్చింది. దాన్ని ఆపడానికి తెల్ల ఏనుగు జి1కి చేరింది. అప్పుడు పడింది ఈ ఆటలోకెల్లా గొప్ప ఎత్తు: నల్ల ఏనుగు నేరుగా హెచ్1కి వెళ్లి కూర్చుంది. అది బలి. కాపలా ఏనుగును పక్కకు లాగడానికే. లార్సెన్ దాన్ని కొట్టక తప్పలేదు, బంటు జి2కి చేరింది. మంత్రి హెచ్4 నుంచి చెక్ ఇచ్చాక బంటు, ఎఫ్1కి తప్పుకున్న ఏనుగును కొట్టి మంత్రిగా మారింది. పదిహేడో ఎత్తుతో లార్సెన్ ఓటమి ఒప్పుకున్నాడు.

అతను కుంగిపోలేదు. మరుసటి రౌండ్లో నల్లపావులతో స్పాస్కీనే ఓడించాడు. పోటీని మాత్రం సోవియట్ జట్టు 20.5-19.5తో గెలుచుకుంది.

ఆ ఓటమితో ఓపెనింగ్ మూలపడలేదు. అదే ఏడాది ఫిషర్ కూడా దాన్ని వాడాడు. ఇప్పటి ఆటగాళ్లు మాత్రం ఎక్కువగా మూడో ఎత్తుకే బంటును ఇ3కి జరిపి, రెండో బిషప్‌కు బి5 దారి తెరుస్తారు. నల్లవారి ఇ5 బంటుకు అండగా ఉన్న గుర్రం మీద అక్కడి నుంచే ఒత్తిడి పడుతుంది.